షూటింగ్ రేంజ్‌లో యాక్షన్ కెమెరా: ప్రాక్టీసు నుంచి పోటీ దాకా

మా క్లబ్‌లో పదిహేనేళ్ల అమ్మాయి ఒకరు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రాక్టీసు చేస్తుంది. రెండు నెలల పాటు ఆ అమ్మాయి షాట్లు పదిలో మూడో నాలుగో ఎడమ దిగువకు జారిపోతూ వచ్చాయి. గ్రిప్ మార్చాం. ట్రిగ్గర్ బరువు సరిచూశాం. సైట్ (గురి చూసే అమరిక) క్లిక్కులు తిప్పి చూశాం. దేనికీ లొంగలేదు. చివరికి ఓ మధ్యాహ్నం రేంజ్ ఖాళీగా ఉన్నప్పుడు పక్క లేన్ టేబుల్ మీద చిన్న యాక్షన్ కెమెరా పెట్టి పది షాట్లు తీశాం. ల్యాప్‌టాప్‌లో ఒక్కో ఫ్రేమే జరుపుతూ చూస్తుంటే విషయం బయటపడింది. షాట్ శబ్దానికి ఎనిమిది ఫ్రేముల ముందే ఆమె గడ్డం కదులుతోంది. స్కోరెంత వచ్చిందో చూడాలన్న ఆత్రంతో తల మానిటర్ వైపు బయల్దేరుతోంది, దాని వెంట భుజం, భుజం వెంట చెయ్యి. మేం తీసింది సెకనుకు 100 ఫ్రేముల్లో. అంటే ఎనిమిది ఫ్రేములు 0.08 సెకను. రెండు నెలలుగా పక్కనే నిలబడి చూస్తున్న నా కంటికి అది ఒక్కసారి కూడా చిక్కలేదు.

అప్పటి నుంచి క్లబ్‌లో కొత్తగా కెమెరా కొనుక్కున్న ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతున్నాను: కెమెరాను టార్గెట్ మీద పెట్టకండి, మీ మీద పెట్టుకోండి. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఎక్కడ తగిలిందో ఎలక్ట్రానిక్ టార్గెట్ దశాంశంతో సహా చెప్పేస్తోంది. అక్కడికే ఎందుకు వెళ్లిందో మాత్రం అది చెప్పదు. కెమెరా పని ఆ "ఎందుకు"ను పట్టుకోవడమే.

1. కెమెరా ఏం చూపగలదో ముందు తెలుసుకోండి

ఇది తేల్చుకోకపోతే గంటల కొద్దీ వీడియో పోగుపడుతుంది, ఉపయోగం ఉండదు.

చిన్న లెక్క చూద్దాం. ఎయిర్ పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. ముందు సైట్ 0.2 మిల్లీమీటర్లు పక్కకు తప్పితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ సుమారు 5.7 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పిస్టల్ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే సగం 5.75. చెయ్యి ఏమాత్రం కదిలినట్టు అనిపించకపోయినా షాట్ మధ్య నుంచి పది రింగు అంచు దాకా వెళ్లిపోయిందన్నమాట. రైఫిల్‌లోనైతే పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క.

ఇప్పుడు కెమెరా వైపు రండి. మీకు 2 మీటర్ల దూరంలో పెట్టిన యాక్షన్ కెమెరాకు అడ్డంగా సుమారు 4 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఫుల్ హెచ్‌డీలో ఆ వెడల్పంతా 1920 చుక్కల్లో ఇమడాలి. ఒక్కో చుక్క దాదాపు 2 మిల్లీమీటర్లు. 4కే తీసినా 1 మిల్లీమీటర్. 0.2 మిల్లీమీటర్ల సైట్ తప్పును అది ఎప్పటికీ చూపలేదు. గురి ఎలా కదిలిందో గీత గీసి చూపించడానికి స్కాట్ లాంటి ట్రైనింగ్ పరికరాలు వేరే ఉన్నాయి. కెమెరా వాటికి ప్రత్యామ్నాయం కాదు.

కెమెరా బాగా పట్టేవి వేరు: పాదాల మధ్య దూరం, తుంటి, భుజం ఎత్తు, తల వంపు, పిస్టల్ పైకెత్తే తీరు, హోల్డ్ (గురి మీద చెయ్యి నిలిపి ఉంచడం) ఎన్ని సెకన్లు సాగింది, ఊపిరి ఎక్కడ ఆగింది, కన్ను చికిలించిందా, షాట్ తర్వాత ఫాలో త్రూ (అదే భంగిమలో కాసేపు ఆగడం) నిలిచిందా, చెయ్యి వెంటనే దిగిపోయిందా. సగటు షూటర్‌కు పాయింట్లు పోయేది చాలావరకు వీటి దగ్గరే.

ఎగిరే పెల్లెట్‌ను తీద్దామని కొందరు సరదా పడతారు. సెకనుకు 170 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 10 మీటర్లు దాటడానికి 0.06 సెకను చాలు. 100 ఫ్రేముల్లో తీస్తే ఆరు ఫ్రేముల్లో పని అయిపోతుంది. దాని వెంట పడి కార్డు నింపుకోవద్దు.

2. అనుమతి, భద్రత

కెమెరా బ్యాగులోంచి తీసే ముందే రేంజ్ ఆఫీసర్‌ను అడగండి. పక్క లేన్లలో ఉన్నవాళ్లకూ ఒక మాట చెప్పండి. జూనియర్లు ఫ్రేములోకి వచ్చే అవకాశం ఉంటే వాళ్ల అమ్మానాన్నల ఒప్పుకోలు తప్పనిసరి.

కెమెరా ఎప్పుడూ ఫైరింగ్ లైన్‌కు వెనకే ఉండాలి, మరీ ముందంటే టేబుల్ అంచు వరకు. టార్గెట్ దగ్గర పెట్టి తీసిన వీడియోలు చూడ్డానికి బాగుంటాయి కానీ, సీసం పెల్లెట్ తునకలు వెనక్కి చింది లెన్స్‌ను పాడుచేస్తాయి. అంతకన్నా ముఖ్యం, దాన్ని పెట్టడానికి, తీయడానికి మనిషి ముందుకు వెళ్లాలి. ఆ అవసరమే రానీయకండి.

అసలు ప్రమాదం ఒక అలవాటులో ఉంది. పిస్టల్ చేతిలో ఉండగానే "కెమెరా ఆన్‌లో ఉందా?" అని వెనక్కి తిరగడం. ఒంటితో పాటు బారెల్ కూడా తిరుగుతుంది. ఈ వరస తప్పకండి: పెల్లెట్ లేదని చూసుకోండి, బారెల్ ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టండి, తుపాకీ టేబుల్ మీద పెట్టండి, చేతులు ఖాళీ అయ్యాకే కెమెరా ముట్టుకోండి. రికార్డింగ్ ఆన్ చేశాకే తుపాకీ ఎత్తండి. మధ్యలో కెమెరా పడిపోయినా, బ్యాటరీ అయిపోయినా అలాగే వదిలేసి సిరీస్ ముగించండి.

తుపాకీకే కెమెరా బిగించడం గురించి చాలామంది అడుగుతారు. ఎయిర్ పిస్టల్ మొత్తం బరువుకు నిబంధనల్లో పరిమితి 1500 గ్రాములు. యాక్షన్ కెమెరా 150 గ్రాముల వరకు ఉంటుంది. పదో వంతు బరువు ముందుకు చేరాక మీరు పట్టుకున్నది మీ పిస్టల్ కాదు, ఆ వీడియోలో కనిపించే హోల్డ్ మీ హోల్డూ కాదు. పోటీలో ఎలాగూ ఒప్పుకోరు. ప్రాక్టీసులో కూడా వద్దనే నా సలహా.

3. సామాను

గోప్రో, డీజేఐ, ఇన్‌స్టా360 ఏదైనా సరే, నాలుగైదేళ్ల కిందటి మోడల్ అయినా చాలు. అందులో మూడు ఉన్నాయా చూడండి: అంచులు వంగకుండా తీసే లీనియర్ మోడ్, సెకనుకు 100 ఫ్రేములు, షట్టర్‌ను చేత్తో సెట్ చేసుకునే వీలు. డబ్బు మిగిలితే మంచి ట్రైపాడ్ మీద పెట్టండి. మీ భుజం ఎత్తుకు లేచి, చెక్క ఫ్లోర్ మీద ఎవరైనా నడిచినా ఊగనిది కావాలి. టేబుల్ మీద పెట్టుకోవడానికి జానెడు ట్రైపాడ్ ఒకటి, పవర్ బ్యాంక్, 128 జీబీ కార్డు, నేల మీద గుర్తులకు రంగు టేపు. ఇంతే.

4. సెట్టింగులు

లెన్స్: లీనియర్. వైడ్ మోడ్‌లో ఫ్రేము అంచు దగ్గర నిలువు గీత కూడా విల్లులా వంగుతుంది. నిటారుగా నిలబడ్డవాళ్లు వెనక్కి వాలినట్టు కనిపిస్తారు. ఆ వీడియో చూసి స్టాన్స్ (నిలబడే తీరు) మార్చుకున్నవాళ్లను నేనెరుగుదును, సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకున్నారు.

స్టెబిలైజేషన్: ఆపేయండి. దాని పని ఊగిసలాటను చెరిపేయడం. మనం వెతుకుతున్నదే ఊగిసలాట. పైగా ఫ్రేము అంచులు కూడా కోస్తుంది.

ఫ్రేములు, వెలుతురు: ఈ విషయంలో కాస్త ఓపిక కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. కొన్న రోజున కెమెరాలో సాధారణంగా 60 హెర్ట్జ్ సెట్టింగ్ ఉంటుంది. దాంతో 120 లేదా 240 ఫ్రేముల్లో తీస్తే వీడియో అంతా వెలుగునీడల అలలా కొట్టుకుంటుంది. యాంటీ ఫ్లికర్ అన్నచోట 50 హెర్ట్జ్ లేదా పాల్ (PAL) ఎంచుకోండి. అప్పుడు 25, 50, 100, 200 ఫ్రేములు వస్తాయి. 100 ఎంచుకుని షట్టర్ 1/100 పెట్టండి. ప్రతి ఫ్రేములోకి దీపం మినుకు ఒకటి పూర్తిగా పడుతుంది కాబట్టి వెలుతురు నిలకడగా ఉంటుంది. 200 పెడితే ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము మసక రావచ్చు. షూటర్ దాదాపు కదలని మనిషి, కాబట్టి 1/100 షట్టర్‌తో బొమ్మ చెదరదు.

కొన్ని కెమెరాల్లో "స్లో మోషన్" అనే వేరే మోడ్‌లో శబ్దం రికార్డు కాదు. షాట్ శబ్దం లేకపోతే మనకు ఆనవాలే లేదు. మామూలు వీడియో మోడ్‌లోనే 100 ఫ్రేములు పెట్టి, ఇంట్లో ఒకసారి చప్పట్లు కొట్టి శబ్దం వస్తోందో లేదో చూసుకోండి.

ఎక్స్‌పోజర్: టార్గెట్ల మీద దీపాలు చాలా గట్టిగా వెలుగుతాయి, లేన్ దగ్గర మాత్రం అంత వెలుగు ఉండదు. ఆటోలో వదిలేస్తే కెమెరా టార్గెట్ వెలుగుకు లొంగిపోయి మీ ముఖాన్ని చీకటి చేస్తుంది. మీ ముఖం మీద ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేదా టార్గెట్ ఫ్రేములోకే రాకుండా కెమెరా తిప్పండి.

5. ఎక్కడ పెట్టాలి

మూడు చోట్లు చెబుతాను. ఒక్క రోజుకు ఒక్క చోటే.

ఛాతీ వైపు, పక్క నుంచి. నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన చోటు ఇదే. పక్క లేన్ ఖాళీగా ఉన్నప్పుడు ఫైరింగ్ లైన్ వెంబడి, మీకు సరిగ్గా అడ్డంగా, భుజం ఎత్తున కెమెరా పెట్టండి. "సరిగ్గా" అన్న మాట ముఖ్యం. కెమెరా కాస్త వెనకో, ఎత్తులోనో ఉంటే చేతి వంపు, తల వంపు రెండూ తప్పుగా కనిపిస్తాయి. పిస్టల్ పైకెత్తడం, టార్గెట్ పైదాకా వెళ్లి దిగడం, హోల్డ్‌లో ఆగడం, ఊపిరికి ఛాతీ లేచి పడటం అన్నీ ఇక్కడి నుంచే తెలుస్తాయి. రైఫిల్‌వాళ్లకైతే చెంప చీక్ పీస్ (రైఫిల్ మీద చెంప ఆనించే భాగం) మీద ప్రతిసారీ ఒకే చోట ఆనుతోందా, బట్ ప్లేట్ (రైఫిల్ వెనక కొస) భుజంలో ఒకే చోట కూర్చుంటోందా చూడొచ్చు.

సూటిగా వెనక నుంచి. టార్గెట్‌కూ మీకూ మధ్య గీతను వెనక్కి పొడిగిస్తే, ఆ గీత మీద 2 మీటర్ల వెనక, నడుము ఎత్తున. పాదాలు, తుంటి, బరువు ఎటు పడుతోందో చూడ్డానికి ఇదే సరైన చోటు. పాదాల చుట్టూ నేల మీద టేపు అంటించండి. ముప్పై షాట్ల తర్వాత పాదం టేపుకు ఎంత దూరం జరిగిందో చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

దగ్గరగా, ట్రిగ్గర్ వేలు. పక్క లేన్ టేబుల్ మీద చిన్న ట్రైపాడ్‌తో. ఈ కెమెరాల ఫోకస్ స్థిరంగా ఉంటుంది, ఒక అడుగు కన్నా దగ్గరికి వెళితే బొమ్మ మసకబారుతుంది. కనీసం ఒకటిన్నర అడుగు దూరం ఉంచి, 4కేలో తీసి, చూసేటప్పుడు జూమ్ చేసుకోండి. వేలు ఒకే వేగంతో వెనక్కి వస్తోందా, చివర్లో ఒక్కసారిగా లాగుతోందా అన్నది ఫ్రేములు లెక్కపెడితే తెలిసిపోతుంది.

6. తీయడం

సెషన్ మొత్తం తీయొద్దు. మొదట్లో పది, మధ్యలో పది, ఆఖర్లో పది షాట్లు చాలు. అలసట వచ్చాక ఒళ్లు ఎలా మారుతుందో ఈ మూడు ముక్కలను పోల్చితే తెలుస్తుంది. తీసే ముందు ఒకే ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకోండి: "షాట్ తర్వాత రెండు సెకన్లు నిలుస్తున్నానా?" ఇలాంటిది.

షాట్ పడ్డాక మానిటర్ చూడకముందే, పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా, టార్గెట్‌ను గడియారం ముఖంలా ఊహించుకుని మీ అంచనా పైకి చెప్పండి: "తొమ్మిది, నాలుగు గంటల దగ్గర." షూటర్లు దీన్ని కాల్ చేయడం అంటారు. ఆ తర్వాతే మానిటర్ చూసి అసలు స్కోరు కూడా చెప్పండి. రెండూ వీడియోలో రికార్డు అయిపోతాయి. వేరే కెమెరాతో మానిటర్‌ను తీయాల్సిన పని తప్పుతుంది. మీ కాల్‌కూ అసలు షాట్‌కూ తేడా వచ్చిన షాట్లనే ముందు చూడండి. మీకు తెలియకుండా ఒళ్లు ఏదో చేసింది ఆ షాట్లలోనే.

టార్గెట్ వైపు గురిపెట్టి, లోపల పెల్లెట్ లేకుండా వేసే డ్రై ఫైర్‌ను కూడా పది తీయండి. పెల్లెట్ ఉన్నప్పటి వీడియోతో పక్కపక్కన పెట్టి చూడండి. డ్రైలో కన్ను చికిలించకుండా, పెల్లెట్ ఉన్నప్పుడు చికిలిస్తోందంటే తప్పు స్టాన్స్‌లో లేదు, షాట్ గురించిన టెన్షన్‌లో ఉంది. దానికి మందు వేరు.

7. చూడటం

ఫోన్ తెర మీద చూడకండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీలో వీడియో ఆపి, కీబోర్డు మీద E అక్షరం నొక్కుతూ పోతే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. కోణాలు కొలవాలంటే కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లో నడుస్తుంది.

ముందు మంచి షాట్లు చూడండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సంగతి. మొదట్లో పిల్లలకు తప్పులే ఏరి చూపించేవాణ్ని. వాళ్లు లేన్‌లోకి వెళ్లాక ఆ తప్పే గుర్తొచ్చి చెయ్యి బిగుసుకునేది. ఇప్పుడు 10.5 దాటిన షాట్లు మూడు వరసగా చూపిస్తాను. పిస్టల్ ఎత్తినప్పటి నుంచి షాట్ దాకా ఎన్ని సెకన్లు పట్టిందో మూడింటికీ రాయిస్తాను. చాలాసార్లు మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏడు సెకన్లనుకోండి, అదే వాళ్ల లయ. ఆ తర్వాత చెడ్డ షాట్లు రెండు చూస్తే పన్నెండు, పదమూడు సెకన్లు కనిపిస్తాయి. ఇక నేను చెప్పాల్సిన పని ఉండదు. చెయ్యి దించి మళ్లీ ఎత్తాల్సిన షాట్‌ను బలవంతంగా వేశామని వాళ్లే అంటారు.

అన్నట్టు, ఆ అమ్మాయికి మేం చేసింది ఇంతే: మూడు వారాలు మానిటర్ మీద అట్టముక్క అడ్డం పెట్టి ప్రాక్టీసు చేయించాం. గడ్డం కదలడం ఆగింది. ఎడమ దిగువ షాట్లు తగ్గాయి.

8. 25 మీటర్లు, ట్రాప్

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్‌లో ర్యాపిడ్ దశ వేరు. టార్గెట్ 3 సెకన్లే కనిపిస్తుంది, ఆ తర్వాత 7 సెకన్ల విరామం. ఎత్తే ముందు చెయ్యి కిందికి, నిలువు గీతకు 45 డిగ్రీలు దాటకుండా ఉండాలి. పక్క నుంచి తీసిన వీడియోలో ఈ కోణం కొలుచుకోవడం తేలిక. మ్యాచ్‌లో జ్యూరీ హెచ్చరించే దాకా ఆగక్కర్లేదు. ఇక్కడ వాడేది మందుగుండుతో పేలే .22 తుపాకీ. రేంజ్ నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి, కెమెరా ఇంకా వెనక్కి జరగాలి.

అదే క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ పతకాలు తెచ్చిన ట్రాప్‌లోనైతే (ఎగిరే మట్టి పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే పోటీ) యాక్షన్ కెమెరాకు నిజమైన చోటు టోపీ మీద. 110 మిల్లీమీటర్ల మట్టి పళ్లెం బయటికి దూకగానే తల ముందు కదిలిందా, తుపాకీ ముందు కదిలిందా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. షాట్‌గన్ మోతకు మైకు పగిలినట్టు వినిపిస్తుంది కాబట్టి శబ్దం స్థాయి తగ్గించుకోండి.

9. పోటీ రోజు

పోటీలో షూటర్ కెమెరా సంగతి పూర్తిగా మరిచిపోవాలి. ఫోన్లు, సమాచార పరికరాలు ఫైరింగ్ పాయింట్ దగ్గర నిషిద్ధం. కెమెరా కూడా బ్యాగులోకి రానీయకండి. తీసే పని అమ్మకో, నాన్నకో, స్నేహితుడికో అప్పగించి, ప్రేక్షకుల చోటు నుంచి, నిర్వాహకుల అనుమతితోనే తీయించండి. ఫ్లాష్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. కెమెరా చూస్తూ అటు నుంచి సైగలు చేయొద్దు.

ముందు రాత్రే ఈ పనులు ముగించండి. బీప్ శబ్దాలు ఆపేయండి, ఎర్ర లైట్లు ఆపేయండి, మాటతో ఆన్ అయ్యే సదుపాయం ఆపేయండి, తెర వెలుతురు తగ్గించండి. ఒక జిల్లా పోటీలో నా కెమెరా బ్యాటరీ అయిపోతూ మూడుసార్లు బీప్ మంది. రెండు లేన్ల అవతల షూటర్ పిస్టల్ దించేశాడు. ఆ రోజు ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పుకున్నాను, అప్పటి నుంచి కెమెరా పెట్టె మూతకు ఈ జాబితా అంటించి ఉంటుంది.

10 మీటర్ల క్వాలిఫికేషన్‌లో సన్నాహానికి, సైటర్లకు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లకు) 15 నిమిషాలు, 60 షాట్లకు గంటా పదిహేను నిమిషాలు. మొత్తం 90 నిమిషాలు. ఒక్క బ్యాటరీని నమ్ముకోవద్దు, పవర్ బ్యాంక్ కలపండి. 4కే వద్దు, మూసిన హాలులో కెమెరా వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది. ఫుల్ హెచ్‌డీ, 50 ఫ్రేములు చాలు. సెకనుకు 50 మెగాబిట్లు అనుకుంటే 90 నిమిషాలకు సుమారు 34 జీబీ అవుతుంది, 128 జీబీ కార్డులో సగానికి పైగా మిగులుతుంది.

ఎక్కడైనా పెట్టే ముందు వీడియో మొత్తం ఒకసారి చూడండి. తుపాకీ సీరియల్ నంబర్, పక్క లేన్ పిల్లల ముఖాలు, బిబ్ మీద పేర్లు కనిపిస్తే ఆ భాగం కోసేయండి.

మ్యాచ్ వీడియో ఆ రోజే చూపించకండి. ఇంటికి వెళ్లే దారిలో కారులో ఫోన్ చేతికిచ్చి "ఇదిగో, ఇక్కడ చూడు" అనడం చాలామంది తల్లిదండ్రులకు అలవాటు. ఒక రాత్రి నిద్రపోనివ్వండి. మర్నాడు ముందు కాగితం ఇచ్చి, గుర్తున్నంత వరకు ఏ షాట్ దగ్గర ఏం అనిపించిందో రాయమనండి. రాశాక ఆ కాగితం పక్కన పెట్టుకుని వీడియో ఆన్ చేయండి.